బ్రేకు

పదకొండేళ్లుగా డండీలో బస్సు నడుపుతున్నాను.
చంటిపిల్లల బండ్ల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.
ఏది ఒంటిచేత్తో ముడుచుకుంటుందో,
ఏది తల్లి వేలిని కొరికితే గానీ మూతపడదో,
ఏ చక్రం హిల్‌టౌన్ ఎత్తు దగ్గర మొండికేస్తుందో
అద్దంలో చూసి చూసి
పిల్లల మొహాల కంటే బండ్లే నాకు బాగా గుర్తు.

అయినా ఐదో నెలలో
దుకాణంలోకి అడుగుపెడితే కాళ్లాడలేదు.

తొమ్మిది వందల పౌండ్లు.
ఇన్నెస్ ఆ చీటీని తిప్పి చూశాడు,
అసలు ధర వెనకాల ఉందేమోనని.
మా మొదటి కారుకి ఇందులో సగం కూడా పెట్టలేదు,
దానికి రేడియో కూడా ఉండేది.
అమ్మే కుర్రాడు గుక్కతిప్పుకోకుండా
సస్పెన్షన్ అన్నాడు, తోలు పిడి అన్నాడు,
ఊయల కుర్చీ అయ్యి, కుర్చీ కారు సీటయ్యే
గారడీ చేసి చూపించాడు.
"మెట్లెక్కుతుందా?" అన్నాను.
నవ్వాడు. జోకనుకున్నాడు.

మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
నలభై ఏడు మెట్లు, మలుపులో ఒకటి పగిలింది.
బిస్కెట్ డబ్బాలో నూట ఇరవై పౌండ్లు,
అందులోనే పిల్ల మంచం, చలికోటు, మొదటి నెల డైపర్లు.
పైగా ఇన్నెస్ వాళ్లమ్మ ఎల్స్‌పెత్
బిడ్డకంటే ముందు బండి గడప దాటితే అచ్చిరాదంటుంది.
ఆగితే ధర పెరుగుతుందంటాను నేను.

ముప్పై ఐదుకి ఒకటుందని
డిపో గోడ మీద ఎవరో కాగితం అంటించారు.
చిరునామా పట్టుకుని వెళ్లాం.
తలుపు తీసిన మనిషిని గుర్తుపట్టలేదు,
బండిని గుర్తుపట్టాను.
నీలం గుడ్డ, ఎడమ పిడికి చుట్టిన ఆకుపచ్చ టేపు.

రెండేళ్ల కిందట, ఫిబ్రవరి, అడ్డంగా కొట్టే వాన.
బస్సులో ఆ చోట చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన.
"ముడిస్తే ఎక్కు, లేదంటే వెనక బస్సు," అన్నాను.
పిల్లాడు నిద్రపోతున్నాడు.
ఆమె ముడవలేదు.
తలుపులు మూశాను. రూలు రూలే.
పెద్దాయనని దింపేసే రకాన్నీ కాను.
అద్దంలో ఆ ఆకుపచ్చ మాత్రం
మలుపు దాకా వదల్లేదు.

రోనా నా మొహం చూసింది, పొట్ట చూసింది.
"ఇరవై రెండో నంబరు," అంది.
అంతే.
ఏమీ తెలియని ఇన్నెస్, పాపం, "ముప్పైకి ఇస్తారా?" అన్నాడు.
"ముప్పై ఐదు."
లెక్కపెట్టి ఇచ్చాను, ఒక్క పెన్నీ తగ్గకుండా.
మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచింది.
అల్మారా అడుగు నుంచి మడతపెట్టిన ప్లాస్టిక్ ముసుగు లాగి
నా చేతిలో పెట్టింది.
"ఇది లేకుండా బస్సు కోసం నిలబడకు."
తిట్టిందో, దీవించిందో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంటి కింద, ఐదు కిలోల బంగాళాదుంపల సంచీని
బండిలో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.
ఇన్నెస్ ఎత్తాడు, నేను వెనకాలే లెక్కపెట్టాను.
ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగి
ఇద్దరం దుంపల వంక చూశాం.
కిక్కురుమనలేదు. బుద్ధిమంతులు.

గుడ్డ విప్పి ఉతికాను, చక్రాలకు నూనె పెట్టాను.
సీటు అతుకులో ఇరుక్కున్న ఒక ఎండుద్రాక్ష
పిన్నుతో పొడిచినా రాలేదు. పోనీ, ఉండనీ.
ఎల్స్‌పెత్ వచ్చినప్పుడు దుప్పటి కప్పి
బల్ల అని చెప్పాం.
ఆవిడ దాని మీద టీ కప్పు పెట్టలేదు,
నమ్మిందో లేదో మరి.

రాత్రి రెండింటికి లోపలి నుంచి తన్ను.
మెలకువొచ్చింది, లేచి వెళ్లాను.
కిటికీ కింద ఉంది బండి, కదలకుండా.
మా గది నేల చదును. ఏ ఎత్తూ లేదు, ఏ పల్లమూ లేదు.
చీకట్లో కాలితో తడిమి
బ్రేకు వేశాను.
మంచం దాకా వచ్చి, మళ్లీ వెళ్లి
పడిందో లేదో చూశాను.